‘మా తెలుగు తల్లికి’ రాష్ట్ర గీతం ఎప్పుడైంది? వంశధార, నాగావళి అందులో ఎందుకు లేవు?

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. శ్రీకాకుళం జిల్లాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తెలుగు టీచర్ గారు ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నారు. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ ఎప్పుడు రాష్ట్ర గీతమైందో వేదిక మీద చెప్పాలి. ఒక్కోచోట ఒక్కో సంవత్సరం కనిపిస్తోందట. పాటలో గోదావరి, కృష్ణ ఉన్నాయి గానీ మన నదులు లేవు కాబట్టి వంశధార, నాగావళి మీద ఒక చరణం రాసి మధ్యలో కలిపితే తప్పా అని కూడా అడిగారు. పాడేటప్పుడు అందరూ లేచి నిలబడాలని మైకులో చెప్పొచ్చా అన్నది చివరి ప్రశ్న.

సూటిగా జవాబులు ఇవీ. పాట రాసింది 1942లో. రాష్ట్ర గీతంగా స్థిరపడింది 1975 ప్రపంచ తెలుగు మహాసభలతో. చరణం కలపకండి, దాన్ని వేరే పాటగా పాడించండి. నిలబడమని కోరండి, నిలబడనివాళ్ళను మాత్రం ఏమీ అనకండి.

నేను విజయనగరంలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. బడిలోనైనా, జిల్లా స్థాయి సభలోనైనా పిల్లల చేత ఈ పాట పాడించే పని ఎప్పుడూ నా నెత్తినే పడేది. కాబట్టి పాట చరిత్రతో పాటు వేదిక మీద వచ్చే తిప్పలు కూడా కొన్ని చెప్తాను.

ముందు పాట సంగతి. రాసింది శంకరంబాడి సుందరాచారి. 1914లో తిరుపతిలో పుట్టారు. ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దారు. తేటగీతి పద్యమంటే ఆయనకు ప్రాణం. 1942లో వచ్చిన ‘దీనబంధు’ సినిమా కోసం ఈ పాట రాశారు. చిత్తూరు నాగయ్య గారి సినిమా అది. కానీ పాటను ఇంటింటికీ చేర్చింది టంగుటూరి సూర్యకుమారి గొంతు, ఆమె ఇచ్చిన గ్రామఫోను రికార్డు. సూర్యకుమారి ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. ఈ రోజు మన పిల్లలు పాడే వరసకు మూలం ఆ రికార్డే.

ఈ సంవత్సరాన్ని ఒకసారి గమనించండి. 1942 నాటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి, తెలంగాణ నిజాం పాలనలో ఉంది. శ్రీకాకుళం జిల్లా కూడా అప్పటికి లేదు. అది విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా ఏర్పడింది ఇంకా తర్వాత, 1979లో. అంటే సుందరాచారి గారు ఒక రాష్ట్రానికి గీతం రాయలేదు. రాష్ట్రమే లేని రోజుల్లో ఒక భాష మాట్లాడేవాళ్ళందరికీ కలిపి ఒక తల్లిని ఊహించి పాడారు. రాష్ట్రం ఆ పాట దగ్గరికి తర్వాత వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. చాలాచోట్ల రాష్ట్రం పుట్టిన 1956నే పాట తేదీగా రాసేస్తుంటారు. మీరు ఆ రెండింటినీ కలపకండి.

1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. సభల భారం మోసింది మండలి వెంకట కృష్ణారావు. ప్రపంచం నలుమూలల నుంచి తెలుగువాళ్ళు వచ్చిన ఆ సందర్భంతో ఈ పాటకు రాష్ట్ర గీతం హోదా దక్కింది. సుందరాచారి గారు ఆ తర్వాత రెండేళ్ళకే, 1977లో కన్నుమూశారు. అప్పటికి పాట వయసు ముప్ఫై ఏళ్ళు దాటింది. బళ్ళలో, సభల్లో పాడుతూనే ఉన్నారు, ప్రభుత్వం ఆ వాడుకకు ముద్ర వేసింది, అంతే. కాబట్టి మీ వ్యాఖ్యానంలో ‘ఫలానా రోజున ప్రభుత్వం ఈ పాటను ఎంపిక చేసింది’ అనే ధోరణి వద్దు. ‘1942లో పుట్టి, జనం నోట నాని, 1975 మహాసభలతో రాష్ట్ర గీతమైంది’ అనండి. వినడానికీ బాగుంటుంది, నిజానికీ దగ్గరగా ఉంటుంది.

దాదాపు ప్రతి రాష్ట్ర గీతం కథా ఇంతే. పాట ముందు, ఉత్తర్వు తర్వాత. మన పక్కనే ఉన్న ఒడిశాను చూడండి. ఇచ్ఛాపురం దాటితే వినిపించే ‘బందే ఉత్కళ జనని’ని కాంతకవి లక్ష్మీకాంత మహాపాత్ర రాశారు. 1912లో ఉత్కళ సమ్మేళన సభలో పాడారు. అప్పటికి ఒడిశా అనే ప్రత్యేక రాష్ట్రం లేదు, అది వచ్చింది 1936 ఏప్రిల్ 1న. మన పర్లాకిమిడి అటు వెళ్ళింది ఆ రోజే. పాటకు ఒడిశా మంత్రివర్గం రాష్ట్ర గీతం హోదా ఇచ్చింది మాత్రం 2020 జూన్ 7న. నూట ఎనిమిదేళ్ళ తర్వాతన్నమాట! ఆ మధ్యకాలమంతా అది అనధికారికమని ఎవరైనా పాడడం మానేశారా?

తెలంగాణది కూడా చెప్పుకోవాలి. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమంలో మారుమోగింది, 2014లో రాష్ట్రం వచ్చింది, కానీ అధికారిక గీతంగా విడుదలైంది 2024 జూన్ 2న. కీరవాణి స్వరపరిచారు. సభల్లో పాడుకోవడానికి రెండున్నర నిమిషాల కురచ రూపం కూడా తయారుచేశారు. ఈ నిడివి గొడవ చిన్నదిగా కనిపిస్తుంది గానీ వేదిక నడిపేవాడికి పెద్దది. కర్ణాటకలో కన్నడ కవి కువెంపు రాసిన గీతం 2004లోనే రాష్ట్ర గీతమైనా ఏ వరసలో పాడాలన్న తగువు ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2022లో మైసూరు అనంతస్వామి కూర్చిన వరసలో రెండు నిమిషాల ముప్ఫై సెకన్లలో పాడాలని ప్రభుత్వం తేల్చింది. తమిళనాడు ఇంకాస్త ముందుకెళ్ళి 2021 డిసెంబరులో తమ గీతం యాభై ఐదు సెకన్లని, అందరూ నిలబడాలని, దివ్యాంగులకు మినహాయింపని ఉత్తర్వు ఇచ్చింది.

అందుకే నన్నెవరైనా ‘జీవో ఎక్కడ మాస్టారూ’ అని అడిగితే, జీవో పాటను పుట్టించదు బాబూ అంటాను. ఉత్తర్వు చేసే పని వేరు. ఏ పాఠం, ఏ వరస, ఎంతసేపు, ఎప్పుడు పాడాలి అన్నవి అది తేలుస్తుంది. ఆ మాటకొస్తే ‘జనగణమన’ కూడా ఓటింగుతో జాతీయ గీతం కాలేదు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో బాబూ రాజేంద్రప్రసాద్ చదివిన ప్రకటనతో అయింది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, మన ప్రాంతం టీచర్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. ప్రార్థనలో పిల్లలు రోజూ చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ మన ఉత్తరాంధ్రలోనే పుట్టింది. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్గొండ జిల్లా. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా ఈ ప్రతిజ్ఞ రాశారు. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారికి చూపించారు. ఆయన విద్యామంత్రికి అందించారు. ఆ విద్యామంత్రి ఎవరనుకున్నారు? విజయనగరం రాజా పి.వి.జి. రాజు గారే. మరుసటి ఏడు బళ్ళలో మొదలైంది, 1965 జనవరి 26 నుంచి దేశమంతటికీ వెళ్ళింది. చాలా ఏళ్ళు పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినవాళ్ళ పేరు ఉండేది కాదు. పాటకు పట్టిన ముప్ఫై ఏళ్ళ ప్రయాణం ప్రతిజ్ఞకు మూడేళ్ళలో అయిపోయింది, ఎందుకంటే అది సరైన సమయంలో సరైన మనిషి బల్ల మీదికి చేరింది. మీ సభలో రెండు నిమిషాలు దొరికితే ఈ కథ చెప్పండి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు, నాకు అనుభవమే.

ఇక నదుల సంగతి. మీ ప్రశ్నలో అసలు మంట ఇక్కడే ఉందని నాకు తెలుసు. ఆముదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు రిహార్సల్లో నన్ను అడిగాడు, “మాస్టారండీ, అన్నేర్లూ ఉన్నాయి, మన ఏరు లేదేటండీ?” అని. వాడు అడిగింది న్యాయమే. పాటలో గోదారి, కృష్ణమ్మ, అమరావతి శిల్పాలు, త్యాగయ్య, తిక్కన, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు ఉన్నారు. తూర్పుగోదావరి దాటి ఇటు ఒక్క పేరూ లేదు. నాగావళి లేదు, వంశధార లేదు, శ్రీముఖలింగం లేదు, శాలిహుండం లేదు. వెనకబడిన జిల్లాలని పేరు మోస్తున్నవాళ్ళకి పాటలో కూడా చోటు లేదంటే మనసు చివుక్కుమంటుంది.

అయినా నేను దీన్ని అన్యాయం అనను. పాట సర్వే మ్యాపు కాదు. ‘జనగణమన’లో పంజాబు, సింధు, గుజరాత, మరాఠా, ద్రావిడ, ఉత్కళ, వంగ అన్నీ వస్తాయి. ఆంధ్ర అన్న పేరు ఉందా? లేదు. మనం ఎప్పుడైనా అది మన పాట కాదనుకున్నామా? పైగా ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం, ఇప్పుడు పాడే వరసా కుదిరింది మన మదనపల్లెలో, 1919లో టాగూరు అక్కడికి వచ్చినప్పుడు. దేశ విభజన తర్వాత సింధు పాకిస్తాన్‌లోకి పోయింది కదా, ఆ మాట తీసేయాలని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2005లో కోర్టు ఒప్పుకోలేదు. గీతంలోని పేర్లు భూభాగాల జాబితా కాదన్నది కోర్టు ఆలోచన. మన పాటకూ అదే లెక్క వర్తిస్తుంది. రుద్రమ్మ ఏలిన ఓరుగల్లు 2014 తర్వాత మన రాష్ట్రంలో లేదు. త్యాగయ్య బతికిందంతా తంజావూరు సీమలో. ఐనా ఆ పేర్లను మనం తీసేయలేదు, తీసేయకూడదు కూడా.

కలపడం గురించి నా మాట గట్టిగానే చెప్తాను. పాట మధ్యలో మీ చరణం వద్దు. ఒకటి, కవి రాసినదాన్ని ఆయన పేరు మీదే మార్చి పాడడం మర్యాద కాదు. రెండు, రేపు రాజమండ్రి వాళ్ళు ఒకటి, కర్నూలు వాళ్ళు తుంగభద్రతో ఒకటి కలిపితే రాష్ట్రమంతా కలిసి పాడే పాట మిగలదు. మూడోది ఆచరణలో చూసింది. ఒక సభలో ఎవరో ఉత్సాహపడి కొత్త చరణం కలిపారు. సగం మంది పిల్లలు కొత్తదాంట్లోకి, సగం మంది పాతదాంట్లోకి వెళ్ళిపోయారు, తబలా ఆయన చేతులెత్తేశాడు. ఆ రోజు ముందు వరసలో కూర్చున్న పెద్దల ముఖాలు చూడాలి!

మరేం చెయ్యాలి? రాష్ట్ర గీతం యథాతథంగా పాడించండి. సభ మధ్యలో ‘మా జిల్లా పాట’ అని వేరేగా పెట్టండి. పిల్లల చేతే రాయించండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి తోటపల్లి మీదుగా శ్రీకాకుళం ఊరిని ఒరుసుకుంటూ వచ్చి కళ్ళేపల్లి దగ్గర కలుస్తుంది. ఈ మాత్రం భూగోళం ఇచ్చి, మీ ఊరి మాటల్లో రాయమని వదిలేయండి. మాట మాట కలవకపోయినా సరే, దిద్ది పాడుచెయ్యకండి. భాషా దినోత్సవానికి అంతకంటే తగినది లేదు. ఎందుకంటే ఆ రోజు ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి పంతులు గారిది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టారు, జనం మాట్లాడే తెలుగుకు బడిలో చోటు కావాలని జీవితమంతా పోట్లాడారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారని అలిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. పాటలో వంశధార పేరు లేదని బాధపడేవాళ్ళు, వంశధార ఒడ్డున పుట్టినాయన పేరు మీదే రాష్ట్రమంతా భాషా దినోత్సవం చేసుకుంటోందని గుర్తు పెట్టుకోవాలి.

మా విజయనగరంలో ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ ఉండగా ఇంకో పాట ఎందుకు అని. అభిమానంతో అడిగే మాటే. కానీ ఆ గీతంలో తెలుగు నేల ప్రత్యేకంగా ఉండదు. 1910లో రాసిన ఆ పాట మొత్తం మనుషుల గురించి, పని గురించి, పంట గురించి. దేశమంటే మట్టి కాదన్న కవిని తెచ్చి ఒక రాష్ట్రం సరిహద్దుల్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. రాష్ట్ర గీతానికి ఒక తల్లి, ఒక నేల, కొన్ని పేర్లు, చివర ఒక జేజే కావాలి. గురజాడ పాటలో ఉన్నది హితబోధ. రెండూ వేరు కోవల పాటలు. మీ సభలో రెండింటికీ చోటుంది, పాడించండి.

నిలబడే విషయం. సభ్యతగా అందరం నిలబడతాం, నేనూ నిలబడతాను. కానీ చట్టం ఏమంటుందో తెలిసి ఉండాలి. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టంలో జాతీయ గీతాన్ని అడ్డుకుంటే శిక్ష ఉంది. రాష్ట్ర గీతం ప్రస్తావన అందులో లేదు. రాజ్యాంగం 51ఏ అధికరణం కూడా జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించమంటుంది. జాతీయ గీతం విషయంలోనే 1986లో కేరళ పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, మర్యాదగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పు అని. మరి రాష్ట్ర గీతానికి ఒకరి మీద కేకలు వేసే హక్కు మనకెక్కడిది? ఒకసారి ఒక సభలో మోకాళ్ళ నొప్పితో కూర్చున్న పెద్దావిడను వ్యాఖ్యాత మైకులోనే ‘అమ్మా, లేవండి’ అన్నాడు. ఆవిడ పడిన ఇబ్బంది చూశాక నేను నా వ్యాఖ్యాతలకు ఒకే వాక్యం నేర్పాను: “రాష్ట్ర గీతాలాపనకు వీలైనవారు లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాము.” ‘వీలైనవారు’ అన్న మాట మర్చిపోకండి.

ఇచ్ఛాపురం, కంచిలి వైపు బడి అయితే ఇంకో సంగతి. అక్కడ ఒడియా ఇంట్లో మాట్లాడే పిల్లలు ఉంటారు. ‘తెలుగు తల్లి’ అంటే వాళ్ళు కొంచెం దూరంగా జరుగుతారు. అక్కడ ఒక స్నేహితుడు టీచరుగా ఉన్నప్పుడు రాష్ట్ర గీతం అందరి చేతా పాడించి, సాంస్కృతిక కార్యక్రమంలో ఆ పిల్లల చేత ఒడియా పాట ఒకటి పెట్టించేవాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సవరల భాషకు వ్యాకరణం రాసిన గిడుగు వారి పండగలో మరో భాష పాటకు చోటివ్వకపోతే ఎలా?

ఇక పాడించేటప్పుడు పాటించాల్సినవి, నాకు ముఖ్యమనిపించినవి. క్రమం ఇలా పెట్టుకోండి: సభ మొదట్లో రాష్ట్ర గీతం, చివర ‘జనగణమన’. సౌండ్ బాక్సు కుర్రాడికి రెండు ట్రాకులూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఇస్తే మొదట్లోనే జాతీయ గీతం మోగి, టెన్షన్ మొదలవుతుంది, అందరూ లేచి నిలబడ్డాక ఆపడానికీ ఉండదు. ఫైలు పేర్ల ముందు ఒకటి, రెండు అని అంకెలు వెయ్యండి. వీలైతే ట్రాకు వద్దు, పిల్లల చేతే పాడించండి. సినిమాల్లో, యూట్యూబ్‌లో వాయిద్యాలతో దట్టించిన వరసలు చాలా ఉన్నాయి, అవి సోలోకు బాగుంటాయి గానీ నలభై మంది పిల్లలు కలిసి పాడలేరు. సూర్యకుమారి రికార్డు వినిపించండి. శ్రుతి పిల్లల గొంతుకు సరిపోయేలా కాస్త పైకి పెట్టుకోండి. మా ఊళ్ళో ఐతే 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. అక్కడ చదివినవాళ్ళు ఏ ఊళ్ళో అయినా ఒకరు దొరుకుతారు, వాళ్ళను ఒక్క పూట పిలిపించుకున్నా చాలు.

పిల్లలు ఎప్పుడూ తడబడేది మూడో చరణం దగ్గర. తిమ్మరుసు గురించి వచ్చే ‘ధీయుక్తి’ని ‘దీశక్తి’ అనేస్తారు, ఎందుకంటే ముందు పాదంలో రుద్రమ్మ భుజశక్తి వచ్చి వెళ్తుంది. ఆ పాదాలు విడిగా బోర్డు మీద రాసి, పాడకుండా ముందు చదివించండి. చివరి ‘జై తెలుగు తల్లి’ దగ్గర అరవకుండా, అదే శ్రుతిలో ముగించమనండి. ఆహ్వాన పత్రికలోనూ, బ్యానర్‌లోనూ పాట పేరు పక్కన శంకరంబాడి సుందరాచారి పేరు వెయ్యడం మర్చిపోకండి, వ్యాఖ్యాత చేత కూడా ఒకసారి పలికించండి.